పెద్ద గుర్రం కావాలనుకున్న రైతులు, తప్పు దిద్దుకున్న రైతులు

ఈరోజు మన ఆవుల గురించి కాదు, నార్వే దేశపు గుర్రం గురించి రాస్తున్నా. మనకెందుకు అనుకోకండి, చివరిదాకా చదవండి.

నార్వే పడమటి తీరంలో సముద్రం కొండల మధ్యకి పాయలు పాయలుగా చొచ్చుకొస్తుంది. ఆ పాయల్నే ఫియోర్డులు అంటారు. అక్కడి రైతుకి కొండవాలులో చిన్న చిన్న చెక్కల్లాంటి పొలాలు, చాలీచాలని గడ్డి, పొడవాటి చలికాలం. అలాంటి చోట తరతరాలుగా దున్నింది, బరువులు లాగింది ఫియోర్డ్ గుర్రం. ఎత్తు సుమారు 135 నుంచి 150 సెంటీమీటర్లు, అంతే. కానీ గట్టి ఒళ్ళు, నెమ్మది గుణం. నూటికి 90 గుర్రాలు లేత గోధుమ రంగే. వీపు మీద తల నుంచి తోక దాకా నల్లచార. జూలు మధ్యలో నలుపు, అటూ ఇటూ తెలుపు. ఆ నలుపు పైకి కనబడేలా జూలుని నెలవంక ఆకారంలో కత్తిరిస్తారు.

అసలు కథ 1800ల చివర్లో మొదలైంది. గుర్రం చిన్నది, ఇంకా బరువైనది కావాలి అన్న ఆలోచన వచ్చింది. తూర్పు నార్వే లోయల్లో డోలె అనే పెద్ద జాతి ఉంది. దాంతో కలిపారు. అలా కలిపిన రక్తంతో పుట్టిన రిమ్‌ఫాక్సె అనే మగ గుర్రాన్ని చాలా ఆడ గుర్రాలకు కట్టించారు. మొదట్లో అందరికీ ఆశే. తర్వాత తరాల్లో అసలు సంగతి బయటపడింది. రంగులు మారిపోయాయి, ఆ నెమ్మది గుణం పోయింది. కొండ మీద పిల్లాడు కూడా తోలగలిగే గుర్రం మాట వినకపోతే, పెద్దదైతే మాత్రం ఏం లాభం చెప్పండి?

1907లో పెంపకందారులు ఒక నిర్ణయానికొచ్చారు. కలిపిన రక్తం ఉన్నవాటిని పెంపకంలోంచి తీసేసి, పాత జాతికే తిరిగి వెళ్ళాలని. ఇది రాసినంత తేలిక కాదు. డబ్బుపోసి పెంచిన మగ గుర్రాన్ని పక్కన పెట్టాలంటే ఏ రైతుకైనా గుండె కోతే. అయినా చేశారు. అప్పుడు ఆధారమైంది 1891లో పుట్టిన న్యోల్ అనే మగ గుర్రం, పట్టీలో దాని నంబరు 166. ఈనాటి ఫియోర్డ్ గుర్రాలన్నిటి వంశమూ దాని దగ్గరికే చేరుతుంది. అంటే ఆ జాతి ఎంత సన్నని దారం మీద నిలబడిందో చూడండి.

ఇక ఆరోగ్యం సంగతి. తక్కువ మేతతో బతకడం నేర్చిన ఒళ్ళు అది. అదే దాని బలం, అదే ఇప్పుడు దాని జబ్బు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ట్రాక్టర్లొచ్చి పని తగ్గింది. పచ్చిక మాత్రం బాగా బలమైనది దొరుకుతోంది. పనిలేక తిన్న గుర్రం ఊరికే కొవ్వెక్కుతుంది. ఆ తర్వాత గిట్టల లోపల వాపొచ్చి నడవలేకపోతుంది, దాన్నే లామినైటిస్ అంటారు. అందుకే తెలిసిన యజమానులు పక్కటెముకల మీద చెయ్యేసి చూస్తారు, చేతికి తగలాలి. మెడ పైభాగం గట్టిగా ఉబ్బితే ప్రమాదమే. ఎండుగడ్డి తూకం వేసి పెడతారు. వసంతంలో లేతపచ్చికలో ఎక్కువసేపు వదలరు. రోజూ నడిపిస్తారు, గిట్టలు వేళకి చెక్కిస్తారు. ప్రేమగా దాణా ఎక్కువ పెడితే అదే విషమవుతుంది.

మన ఒంగోలు జాతినే చూడండి. ఇక్కడ్నుంచి వెళ్ళిన పశువుల సంతతి బ్రెజిల్లో నెల్లూరు పేరుతోనే మందలు మందలుగా పెరిగింది. ఇక్కడ మనం పాల లెక్క ఒక్కటే చూసి విదేశీ వీర్యం ఎక్కించాం. పాలొద్దని నేననను, కడుపు నిండాలి. సంకర ఆవు పెంచుకోండి, తప్పులేదు. కానీ ఊరికి రెండు మూడు మంచి నాటి ఆవులు, ఒక మంచి ఆబోతు అయినా మిగలాలి కదా. రేపు మనం వెనక్కి వెళ్ళాలనుకుంటే వెళ్ళడానికి ఒక న్యోల్ ఉండాలి. వాళ్ళకి ఉంది కాబట్టి తిరిగి వెళ్ళగలిగారు.

మీ ఊళ్ళో నాటు ఆబోతు ఉందా? ఉంటే చెప్పండి, నేనొచ్చి చూస్తా.