పదిమంది చూసే తెర

ఒకరి కంప్యూటర్ తెరను సభంతా చూడవచ్చని 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో కంప్యూటర్ పరిశోధకుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ చూపించారు. కంప్యూటర్ దూరాన ఉన్న మెన్లో పార్క్‌లో, దాని తెర సభలోని ప్రొజెక్టర్ మీద.

తెలుగు బడిపిల్లలు ఒకే తెర ముందు గుమిగూడింది మాత్రం టీవీతో. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సాగిన ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంలోని ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇనుప వలతో అల్లిన పదడుగుల డిష్ ఉపగ్రహ సంకేతాన్ని పట్టేది. ఉదయం పిల్లలకు, సాయంత్రం ఊరివారికి కార్యక్రమాలు వచ్చేవి. ఎదురు ప్రశ్న వేసే వీలే లేదు, అదే పెద్ద లోటు.

తరగతుల్లోకి ప్రొజెక్టర్లు వచ్చాక కేబుల్ చాలినంత దూరమే కంప్యూటర్ ఉండాల్సి వచ్చేది. నెట్‌వర్క్ ఆ ముడి విప్పింది. 1990లలో కేంబ్రిడ్జ్‌లోని ఒలివెట్టి పరిశోధనాలయంలో పుట్టిన వీఎన్‌సీ అనే సాఫ్ట్‌వేర్, తెరలో మారిన ముక్కలనే పంపుతుంది; బొమ్మ కదలకపోతే పంపేది దాదాపు శూన్యం. వైఫై ప్రొజెక్టర్‌తో వెనక బెంచీ పిల్లవాడు కూడా కూర్చున్నచోటి నుంచే తన లెక్క చూపగలడు. 2023 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోకి తాకితే స్పందించే ఫ్లాట్ ప్యానెళ్లు వచ్చాయి.