గుండె పేషెంట్లు రోజూ బరువు ఎందుకు చూసుకోవాలి? చింతూరు ఏజెన్సీలో నర్సు చెప్పే మాటే కీలకం!

చింతూరు ఏజెన్సీలో ఎవరికైనా హార్ట్ ఫెయిల్యూర్ అని తేలితే పెద్ద వైద్యం కోసం భద్రాచలమో, ఘాట్ రోడ్డు దాటి రాజమహేంద్రవరం, కాకినాడో వెళ్లాల్సిందే. కొన్ని రోజులు అక్కడుండి, మందుల చీటీతో ఇంటికొచ్చేస్తారు. ఆ తర్వాత పక్కన డాక్టర్ ఉండరు. ఊళ్లో అందుబాటులో ఉండేది ఏఎన్ఎం, ఆశా, విలేజ్ క్లినిక్‌లో పనిచేసే నర్సింగ్ చదివిన ఎంఎల్‌హెచ్‌పీ.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు. పంపింగ్ తగ్గి ఒంట్లో నీరు చేరడం. ఈ నీరు కాళ్ల వాపు కంటే ముందే బరువులో కనిపిస్తుంది. అందుకే రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోమంటారు. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది ఒళ్లు చేయడం కాదు, నీరే!

ఈ విషయం విడమరిచి చెబితే ఏమవుతుంది? అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 282 మంది వృద్ధ పేషెంట్లపై చేసిన అధ్యయనం 1995లో వచ్చింది. నర్సు ఆధ్వర్యంలో తిండి, మందులు, బరువు గురించి నేర్పి, ఇంటికెళ్లాక కూడా ఫాలోఅప్ చేశారు. 90 రోజుల్లో హార్ట్ ఫెయిల్యూర్‌తో మళ్లీ ఆసుపత్రిలో చేరడం సగానికి పైగా తగ్గింది.

అయితే నర్సుకు తెలిస్తేనే కదా చెప్పేది. 2002లో అమెరికాలోనే నాన్సీ ఆల్బర్ట్ బృందం 300 మంది నర్సులకు 20 ప్రశ్నలు ఇస్తే సగటున 15 మాత్రమే కరెక్ట్ అయ్యాయి. బరువును దేనితో పోల్చాలి, కాసేపు కళ్లు తిరిగితే ఏం చెప్పాలి అన్న దగ్గరే చాలామంది తడబడ్డారు. నిజానికి పోల్చాల్సింది నిన్నటి బరువుతో మాత్రమే కాదు, వాపు పూర్తిగా తగ్గిన రోజున ఉన్న బరువుతో. డిశ్చార్జ్ రోజే ఆ అంకెను చీటీ మీద రాయించుకోండి. లేచి నిలబడ్డప్పుడు క్షణం కళ్లు తిరిగితే మాత్రలు సొంతంగా ఆపేయొద్దు, నర్సుకు చెప్పండి. స్పృహ తప్పితే మాత్రం ఆసుపత్రికే.

ఇక మన దగ్గర పాఠం కాస్త వేరేలా ఉండాలి. 'ఉప్పు తగ్గించండి' అంటే కూరలో తగ్గిస్తారు. ఎండుచేపలు, పచ్చళ్ల సంగతి ఎవరూ అడగరు. ఉప్పు మొత్తం రోజుకు 5 గ్రాములు, అంటే ఓ టీస్పూన్ దాటకూడదన్నది డబ్ల్యూహెచ్‌ఓ మాట. షాపుల్లో దొరికే లో సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. కొన్ని గుండె మందులతో కలిస్తే అది ప్రమాదం. ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనుక్కుని వేసుకున్నా నీరు చేరుతుంది. ఇవన్నీ కోయ మాట్లాడే అవ్వకు తెలుగులో గబగబా చెప్పేస్తే ఉపయోగం లేదు. కోయలోనే చెప్పి, తిరిగి ఆమె చేతే చెప్పించుకోవాలి.

ఇంట్లో తూకం మెషీన్ లేకపోతే? విలేజ్ క్లినిక్‌లో చూపించుకోవచ్చు. రోజూ వెళ్లలేకపోతే కాలి మీద బొటనవేలితో నొక్కి గుంట పడుతోందేమో చూడండి. చెప్పులు బిగుతైనా, పడుకోవడానికి తలగడలు ఎక్కువ కావాల్సి వస్తున్నా అదే సంకేతం.

వర్షాకాలం మరో సమస్య. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి వెనక్కి తన్ని చింతూరు, కూనవరం, వీఆర్‌పురం మండలాలు మునిగాయి. మాత్రలు నాలుగు రోజులు తప్పినా ఊపిరి అందని పరిస్థితి రావొచ్చు. అందుకే జూన్‌లోనే కనీసం నెలకు సరిపడా మందులు తెచ్చి తడవని డబ్బాలో పెట్టుకోవాలి. పడుకుంటే ఆయాసం వచ్చినా, ఛాతీ నొప్పి ఉన్నా, నురగతో దగ్గు వచ్చినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.