నాణెముపై లోపము – చరిత్రకు సాక్ష్యము

జగ్గయ్యపేట చెంత ధనబోడు అనే మిట్ట ఉన్నది. ధనమున్న మిట్ట అని దాని అర్థము. 1882లో జేమ్స్ బర్జెస్ ఈ మిట్టలోని బౌద్ధ స్తూపమును పరిశీలించి, దాని శిల్పములను లోకమునకు తెలియజేశాడు. వాటిలో ఒక పలక నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియములో ఉన్నది. మాంధాత చక్రవర్తి చేయి పైకెత్తి నిలుచున్నాడు. మేఘముల నుండి నాణెములు వానవలె కురుస్తున్నవి. ఆ నాణెములు గుండ్రనివి కావు, చదరపువి. క్రీస్తుకు పూర్వము మన దేశములో చెలామణి అయిన నాణెములలో అనేకము చదరముగానే ఉండేవి.

వీటిని విద్ధాంక నాణెములు అంటారు. వెండి రేకును ముక్కలుగా కత్తిరించి, తూకము సరిపోవుటకు మూలలు త్రుంచి, ఒక్కొక్క గుర్తును వేరువేరు ముద్రలతో కొట్టేవారు. అందువలన ఒక గుర్తు అంచు దాటి సగమే పడుతుంది. మరొకటి పక్కదానిపై ఎక్కుతుంది. అమరావతిలో దొరికిన నిక్షేపములో ఇటువంటివి ఏడువేలకు పైగా ఉన్నవి. ఈ వంకరలు చూసి పనివాని చేతకానితనమని నవ్వరాదు. నాణెము ఏ విధముగా తయారైనదో చెప్పే సాక్ష్యము అదే.

శాతవాహనుల నాటికి బొమ్మ, బొరుసు రెండింటికీ అచ్చులు వచ్చినవి. అయితే దెబ్బ ఒక పక్కకు పడితే రాజు పేరులో కొన్ని అక్షరములు బిళ్ళకు వెలుపల పోయేవి. ఒక నాణెముపై మొదటి సగము, మరొకదానిపై చివరి సగము చూసి చరిత్రకారులు పేరును పూర్తిగా కూర్చుకొనవలసి వచ్చినది.

పాత ముద్ర పూర్తిగా చెరగకపోవుట వలన చరిత్రకు ఎంత మేలు జరిగినదో చూడండి. 1906లో నాసిక్ ప్రాంతమున జోగల్‌తెంబి అనేచోట పదమూడు వేలకు పైగా వెండి నాణెములు దొరికినవి. అవి క్షహరాట రాజు నహపానునివి. వాటిలో అధిక భాగముపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను తిరిగి కొట్టించాడు. కొత్త ముద్ర క్రింద పాత ముఖము, పాత అక్షరములు ఇంకా కనబడుతున్నవి. ఏది క్రింద ఉన్నదో అది ముందుది. ఏది పైన ఉన్నదో అది తరువాతది. నహపానుని ధనము శాతకర్ణి చేతికి వచ్చినదని చెప్పుటకు ఇంతకన్న బలమైన సాక్ష్యము అరుదు.

ఇక దగ్గరి కాలమునకు వద్దాము. జగ్గయ్యపేట, నందిగామలు హైదరాబాదు–విజయవాడ మార్గములో ఉన్నవి. జగ్గయ్యపేట దాటితే వెనుక నిజాము రాజ్యము. ఇటు ఇంగ్లీషువారి రూపాయి, అటు హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సుమారు సమానము. నిజాము టంకశాల 1803లో ప్రారంభమైనది. 1903లో అది సైఫాబాదుకు, 1997లో చర్లపల్లికి మారినది. 1950 నుండి అది భారత ప్రభుత్వానిది. నేటి నాణెముపై సంవత్సరము క్రింద నక్షత్రము ఉంటే అది హైదరాబాదు టంకశాలలో ముద్రితమైనదని గ్రహించవచ్చును.

యంత్రములో నాణెము తయారగుటకు మూడు వస్తువులు కావాలి: బిళ్ళ, రెండు ఉక్కు అచ్చులు, బిళ్ళ పక్కలకు పొర్లకుండా పట్టి ఉంచే వలయము. నాణెముపై ఉబ్బుగా కనబడవలసిన ప్రతి గీతా అచ్చులో లోతుగా చెక్కబడి ఉంటుంది. ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొంటే చాలు.

అచ్చు మీద గీత పడినా, అచ్చు చిట్లినా, ఆ పల్లములోనికి లోహము చొరబడుతుంది. కనుక నాణెముపై ఉబ్బెత్తు గీత ఏర్పడుతుంది. అచ్చు అంచు విరిగి ఊడిపోతే అచ్చట నాణెముపై ముద్ద వంటి ఉబ్బు వస్తుంది. బిళ్ళ లేకుండా రెండు అచ్చులు ఢీకొంటే, ఒకదాని బొమ్మ రెండవదానికి అంటి, తరువాతి నాణెములపై నీడవలె కనబడుతుంది. అచ్చు పల్లములో జిడ్డు, మడ్డి చేరితే అక్షరములు మాసిపోతవి. రేకు సరిగా జరగక, ముందు కోసిన రంధ్రము మీదనే మళ్ళీ కోత పడితే, బిళ్ళకు అర్ధచంద్రాకారపు లోటు ఏర్పడుతుంది.

నాణెము టంకశాల విడిచిన తరువాత పడిన గాయము వేరు. మేకు గీత లోనికి దిగి ఉంటుంది. దాని రెండు ఒడ్డులనూ లోహము ఒరుసుకొని లేచి ఉంటుంది. సుత్తి దెబ్బకు బొమ్మ చదునవుతుంది. ఇది తయారీ లోపము కాదు.

మరొక పరీక్ష ఉన్నది. అచ్చు లోపము ఒక్క నాణెముతో పోదు. ఆ అచ్చుతో తరువాత కొట్టిన నాణెములన్నిటిపైనా అదే చోట ఉంటుంది. పైగా చిట్లు రానురాను పొడుగవుతుంది. పొట్టి గీత ఉన్నది ముందు, పొడుగు గీత ఉన్నది తరువాత కొట్టినదని వరుస పెట్టవచ్చును. తేదీ లేని ప్రాచీన నాణెములకు పండితులు ఈ పద్ధతినే వాడుతారు.

ఇది తెలియనివారు నష్టపోయే ప్రమాదమున్నది. సుత్తి దెబ్బ తిన్న నాణెమును అపురూపమని అమ్మేవారు నేడు కొల్లలు. పాత నాణెముల క్రయవిక్రయాల పేరిట తన పేరు చెప్పి రుసుము అడిగే మోసగాళ్ళను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది.

ఉపాధ్యాయులు తరగతిలో ఇంటింటి చిల్లర కొంత పోగుచేసి, ఒక భూతద్దము ఇచ్చి విద్యార్థులచే పరిశీలింపజేయవచ్చును. నాణెమును తోమరాదు, ఆకురాయి పెట్టరాదు. తోమితే సాక్ష్యము చెరుగుతుంది. గీత ఉబ్బుగా ఉన్నదా, లోతుగా ఉన్నదా? అదే చోట మరొక నాణెముపై ఉన్నదా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన విద్యార్థి శాతకర్ణి నాణెమును చదివే విద్యలో మొదటి పాఠము నేర్చుకొన్నట్లే.