పసివారి భృతి: ఒక వ్యాజ్యం కథ

ప్రభుత్వ కార్యాలయాల నుండి వచ్చే తాఖీదులలో "మీ దరఖాస్తు నిరాకరించడమైనది" అన్న వాక్యం చాలా చిన్నది. దానిని చదివినవారిలో అనేకులు కాగితం మడిచి పెట్టెలో పెట్టి, మన ప్రాప్తం ఇంతే అనుకొని ఊరకుంటారు. కొందరు మాత్రం, "ఎందుకు నిరాకరించారు? ఏ కొలతతో కొలిచారు?" అని తిరిగి అడుగుతారు. అట్లా అడిగిన ఒక కుటుంబం మూలంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో లక్షలాది పసివారి విషయమై ప్రభుత్వం తన కొలబద్దనే మార్చుకోవలసి వచ్చింది. ఆ వృత్తాంతమే ఈ ప్రసంగానికి విషయం.

1972 అక్టోబరు 30న అధ్యక్షుడు నిక్సన్ ఒక చట్టంపై సంతకం చేశాడు. బీదలైన వృద్ధులకు, అంధులకు, వైకల్యం గలవారికి అంతవరకు ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క తీరుగా సహాయం చేస్తూ ఉండేది. ఆ భారాన్ని కేంద్ర ప్రభుత్వం తన మీద వేసుకొని, "సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్" అనే పేరుతో నెలనెలా భృతి ఇవ్వడానికి పూనుకొన్నది. 1974 జనవరి 1 నుండి ఈ పద్ధతి అమలులోకి వచ్చింది.

ఈ చట్టంలో పసివారికి దొరికిన చోటు ఎంతటిదో తెలుసుకోవడం అవసరం. వైకల్యమంటే ఏమిటో నిర్వచించే వాక్యం నడుమ, కుండలీకరణాలలో, పద్దెనిమిదేండ్ల లోపు బిడ్డను గురించి ఒక్క ముక్క ఉన్నది. పెద్దవారిని పనికి దూరం చేసే వైకల్యంతో సరితూగే తీవ్రత గల వైకల్యం బిడ్డకు ఉంటే, ఆ బిడ్డ కూడా అర్హుడే అని దాని భావం. అయితే తల్లిదండ్రుల ఆదాయం కూడా లెక్కకు వస్తుంది. ఆ ముక్కకైనా ఎదురు లేకపోలేదు. పిల్లలకు అదనంగా కావలసింది వైద్యమే గదా, దానికి వేరే ఏర్పాటున్నది గదా అని సెనేటు ఆర్థిక సంఘం వాదించింది. బీద ఇంటిలో వైకల్యంతో పుట్టిన బిడ్డకంటె దీనులెవరని ప్రతినిధుల సభ సంఘం వాదించింది. తుదకు ఆ ముక్క నిలిచింది. కాని "సరితూగే తీవ్రత" అంటే ఏమిటో చట్టం చెప్పలేదు. చెప్పే పని అధికారులకు వచ్చింది. చిక్కంతా అక్కడ మొదలైనది.

పెద్దవాడు దరఖాస్తు పెట్టుకొంటే అధికారులు ఐదు మెట్లలో విచారించేవారు. అతడు ఇప్పుడు పని చేస్తున్నాడా? అతని బాధ తీవ్రమైనదా? ప్రభుత్వం అచ్చువేసిన వ్యాధుల పట్టికలో ఆ బాధ ఉన్నదా? ఉంటే అక్కడితో భృతి మంజూరు. లేకపోతే ఇంకా రెండు మెట్లు మిగిలి ఉండేవి. అతడు మునుపు చేసిన పని ఇప్పుడు చేయగలడా? అతని వయస్సును, చదువును, అనుభవాన్ని బట్టి మరేదైనా పని చేయగలడా? అంటే పట్టిక కాదన్నా, మనిషిని మనిషిగా చూసి తీర్పు చెప్పడానికి ఒక అవకాశం ఉండేది.

పిల్లలకు ఆ అవకాశం లేదు. వారి విచారణ పట్టికతోనే ముగిసేది. పట్టికలో పేరున్న వ్యాధి ఉండాలి, లేదా దానితో సమానమని వైద్య లక్షణాలు ఒక్కొక్కటిగా నిరూపించాలి. కాకపోతే తిరస్కరణ. డౌన్ సిండ్రోమ్, కండరాల క్షయం, ఆటిజం, వెన్నెముక చీలికతో పుట్టడం వంటి సుప్రసిద్ధమైన బాల్య వైకల్యాలకే ఆ పట్టికలో ప్రత్యేకమైన చోటు లేదు. రెండు మూడు చిన్న బాధలు కలిసి ఒక బిడ్డను మంచాన పడవేసినా, దేనికది పట్టిక కొలతకు అందకపోతే ఆ బిడ్డ అనర్హుడే. పిల్లలు ఉద్యోగం చేయరు గనుక, వారి శక్తిని కొలవడం సాధ్యం కాదని అధికారుల సమాధానం.

తిరస్కరణ వచ్చిన కుటుంబానికి దారులు మూసుకొనిపోలేదు. మొదట, వెనుకటి నిర్ణయంతో సంబంధం లేని మరొక అధికారి చేత పునర్విచారణ కోరవచ్చు. అక్కడా కాకపోతే పరిపాలనా న్యాయాధికారి ఎదుట స్వయంగా హాజరై చెప్పుకోవచ్చు. ఆ పిమ్మట అప్పీళ్ల మండలి. దాని తరువాత ఫెడరల్ జిల్లా న్యాయస్థానం. ప్రతి మెట్టుకూ గడువు అరవై రోజులు. తల్లి తన బిడ్డను ఎట్లా ఎత్తుకొంటున్నదో, ఎట్లా తినిపిస్తున్నదో ఆ న్యాయాధికారి ఎదుట చెప్పవచ్చు. కాని ఆ న్యాయాధికారి చేతిలోనూ ఉన్నది అదే పట్టిక. ఎన్ని మెట్లెక్కినా కొలబద్ద మారనప్పుడు అప్పీలు వల్ల ఫలమేమి?

ఈ ప్రశ్ననే 1983లో పెన్సిల్వేనియాలో ఒక పసివాని పక్షాన న్యాయస్థానం ముందుంచారు. ఆ బిడ్డకు అంతవరకు వస్తున్న భృతిని అధికారులు ఆపివేశారు. బీదలకు ఉచితంగా న్యాయసహాయం చేసే ఫిలడెల్ఫియా సంస్థ "కమ్యూనిటీ లీగల్ సర్వీసెస్" వ్యాజ్యం చేపట్టింది. న్యాయవాదులు ఒక తెలివైన పని చేశారు. ఈ ఒక్క బిడ్డకు అన్యాయం జరిగిందని అనడంతో ఆగలేదు. పిల్లలందరినీ కొలిచే నియమమే చట్టానికి విరుద్ధమని, దేశంలోని అటువంటి పిల్లలందరి తరఫున వాదించారు. జిల్లా న్యాయస్థానం వారి వాదాన్ని అంగీకరించలేదు. 1988లో పై న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది. ఈసారి అప్పీలుకు పోవడం ప్రభుత్వం వంతయింది.

1990 ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. న్యాయశాస్త్ర గ్రంథాలలో దీనిని "సలివన్ వర్సెస్ జెబ్లీ" అంటారు. సలివన్ అంటే ఆనాటి ఆరోగ్య శాఖ కార్యదర్శి. తొమ్మండుగురిలో ఏడుగురు న్యాయమూర్తులు పిల్లల పక్షం వహించారు. తీర్పు వ్రాసినవాడు జస్టిస్ బ్లాక్‌మన్. ఆయన తర్కం సామాన్యునికి కూడా అర్థమయ్యేది. చట్టం పిల్లలకు పెద్దలతో సరితూగే న్యాయం ఇమ్మన్నది. పెద్దలకు పట్టిక తరువాత కూడా విచారణ ఉన్నది, పిల్లలకు లేదు. కనుక ఇది సరితూగే న్యాయం కాదు. ఇక పిల్లల శక్తిని కొలవలేమన్న మాటకు జవాబు ఇది. ఆ వయస్సు బిడ్డ మాట్లాడుతున్నాడా, నడుస్తున్నాడా, తనంతట తాను తింటున్నాడా, బట్టలు కట్టుకొంటున్నాడా, బడికి పోతున్నాడా, ఆడుకొంటున్నాడా అని చూడవచ్చు. పెద్దవాడు ఏదో ఒక పని చేయగలడా అని ఊహించడంకంటె ఇది కష్టమేమీ కాదు.

ఈ తర్కంలో గొప్ప మార్పు ఉన్నది. అంతవరకు అడిగిన ప్రశ్న, "నీ వ్యాధి పేరేమి?" అన్నది. ఇకపై అడగవలసిన ప్రశ్న, "నీ ఈడు పిల్లలు చేసేదానిలో నీవు చేయలేనిదేమి?" అన్నది. మొదటి ప్రశ్నకు వైద్యుడొక్కడే జవాబు చెప్పగలడు. రెండవదానికి తల్లి చెప్పగలదు, బడిపంతులు చెప్పగలడు. ఇంటిలో జరిగే నిత్యకృత్యం సాక్ష్యంగా నిలవడానికి అర్హత పొందింది.

1991లో కొత్త నియమాలు వచ్చాయి. 1980 నుండి పాత కొలతతో తిరస్కరణ పొందిన సుమారు 4,50,000 మంది పిల్లల కుటుంబాలకు మళ్లీ కబురు పంపారు. పునర్విచారణలో లక్షకు పైగా పిల్లలు అర్హులని తేలింది. ఎన్నడో మడిచి పెట్టెలో పెట్టిన కాగితాలకు జీవం వచ్చింది.

అయితే కథ ఇక్కడ సుఖాంతం కాలేదు. 1989లో మూడు లక్షలకు లోపుగా ఉన్న పిల్లల సంఖ్య 1996 నాటికి తొమ్మిది లక్షలు దాటింది. తల్లిదండ్రులు బిడ్డలకు వైకల్యం నటించడం నేర్పుతున్నారని పత్రికలలో అపవాదు పుట్టింది. ప్రభుత్వ పరిశీలనలలో అది విస్తారంగా జరిగినట్టు ఆధారం దొరకలేదు. అయినా వదంతి చేయవలసిన పని చేసింది. 1996 ఆగస్టు 22న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన సంక్షేమ చట్టం, కుండలీకరణాలలోని ఆ "సరితూగే తీవ్రత"ను తీసివేసి, మరింత కఠినమైన కొలతను దాని స్థానంలో పెట్టింది. సుమారు లక్షమంది పిల్లలు భృతి కోల్పోయారు.

ఇక్కడ ఒక విషయం మరువరానిది. భృతి ఆగిపోయిన కుటుంబాలలో అనేకులు అప్పీలు చేయనే లేదు. పది రోజులలోగా కోరితే, అప్పీలు తేలేవరకు భృతి నిలిచి ఉంటుందన్న సంగతి వారిలో చాలామందికి స్పష్టంగా తెలియలేదు. తెలిసినవారికి, ఓడిపోతే తీసుకొన్నది తిరిగి చెల్లించవలసి వస్తుందేమోనన్న భయం. 1997 డిసెంబరులో ఆ శాఖ కమిషనరు కెన్నెత్ ఆప్ఫెల్ సమీక్ష జరిపించి, ఈ లోపాలను అంగీకరించాడు. 1998లో, అప్పీలు చేయనివారికి మరల అరవై రోజుల గడువు ఇస్తూ తాఖీదులు పోయాయి. తిరస్కరణను ప్రశ్నించే హక్కు కాగితం మీద ఉంటే చాలదు, అది చదివేవారికి అర్థం కావాలని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లయింది.

బ్లాక్‌మన్ వేసిన ప్రశ్న మాత్రం పూర్తిగా మాసిపోలేదు. 2001 నుండి అమలులో ఉన్న నియమాలు బిడ్డ జీవితాన్ని ఆరు రంగాలుగా విభజించి చూస్తాయి. నేర్చుకోవడం, పని మీద మనస్సు నిలపడం, ఇతరులతో మెలగడం, కదలడం, తన్ను తాను చూసుకోవడం, ఆరోగ్యం. రెండింటిలో గణనీయమైన లోటుగాని, ఒకదానిలో అత్యంత తీవ్రమైన లోటుగాని ఉండాలి. కొలత కఠినమైనదే, కాని చూపు బిడ్డ వైపే ఉన్నది.

ఇదంతా దూరదేశపు సంగతి అనిపించవచ్చు. కాని బిడ్డ వైకల్యాన్ని కొలిచి కాగితం మీద వ్రాయడం మన దేశంలోనూ ఉన్నది. 2016 నాటి హక్కుల చట్టం 21 విధాల వైకల్యాలను పేర్కొన్నది. చాలా సదుపాయాలకు నూటికి 40 వంతుల వైకల్యం ఉన్నదన్న ధ్రువపత్రం కావాలి. ఆ నిర్ణయంతో సమ్మతించనివారు అప్పీలు చేసుకోవచ్చునని అదే చట్టంలోని 59వ సెక్షన్ చెబుతున్నది. ఈ సంగతి ఎందరు తల్లిదండ్రులకు తెలుసునో ఆలోచించదగినది.

తిరస్కరణ పత్రం బిడ్డను గురించి చెప్పే కడపటి మాట కాదు. ఏ కొలబద్దతో కొలిచారో కూడా అది చెబుతుంది. ఫిలడెల్ఫియా న్యాయవాదులు చదివింది ఆ రెండవ సంగతిని. అటువంటి కాగితం మన ఇంటికి వచ్చినప్పుడు, పెట్టెలో పెట్టే ముందు, దాని మీది తేదీని, గడువును, కారణాన్ని ఒక్కసారి చదవడం మంచిది.