పరిశోధన పత్రికలు, విశ్వవిద్యాలయపు చందా, మన తిరుత్తణి

పత్రికకు చందా కట్టుట మన తెలుగువారికి క్రొత్త సంగతి కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో మద్రాసునుండి భారతిని వెలువరించినది మొదలు, అట్టి పత్రికకు చందాదారుగా నుండుట ఒక మర్యాదగా నెంచిన కుటుంబములు కలవు. ఒకరు చందా కట్టిన సంచికను పదిమంది చదివెడివారు. అది ఎవరి చేతికి పోయినను అడుగువారు లేరు. నేడు విశ్వవిద్యాలయములు పరిశోధన పత్రికలకు కట్టుచున్న చందా అట్టిది కాదు. ఇందు కాగితము చేతికి రాదు. కంప్యూటరులో చదువుకొను హక్కు మాత్రము లభించును. ఆ హక్కయినను ఆ విద్యాలయమున చేరినవారికే. ఈ ఏర్పాటు ఎట్లు వచ్చినది, దానికిని మన తిరుత్తణికిని గల సంబంధమెట్టిది, దానివలన మన తెలుగు కుటుంబములకు కలుగదగిన లాభమేమి అను విషయములను మాకు తెలిసినంతవరకు ఇచ్చట విన్నవించుచున్నాము.

పండితులు తమ పరిశోధనలను పత్రికలలో ప్రకటించు ఆచారము 1665వ సంవత్సరమున పారిసునందును లండనునందును మొదలైనది. మన దేశమున దానికి దారి తీసినది 1784లో కలకత్తాలో వెలసిన ఏషియాటిక్ సొసైటీ. పిమ్మట 1872లో బొంబాయినుండి ఇండియన్ ఆంటిక్వెరీ అను పత్రిక బయలుదేరెను. వేంగీ చాళుక్యుల కాలక్రమమును ఫ్లీటు దొరగారు శాసనములనుండి తీసి వరుసగా కూర్చినది ఆ పత్రికలోనే. నన్నయభట్టును పోషించిన రాజరాజనరేంద్రుడు ఏ కాలమువాడు, ఎవరి కుమారుడు అను సంగతులు అట్టి పుటలలో, ఇంగ్లీషులో, చిన్న అక్షరములతో తేలుచుండగా, ఆ మహారాజు పేరు చెప్పుకొని పొంగిపోవు తెలుగిండ్లకు ఆ పుటలు చేరలేదు. చందా కట్టిన సంఘములలో సభ్యులైనవారు చదివిరి. తక్కినవారు ఆ సారమును పాఠ్యపుస్తకములో రెండు వాక్యములుగా చదువుకొని తృప్తిపడిరి.

ఇక మన ఊరి సంగతి. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1888 సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరని మనలో తెలియనివారుండరు. వారు తత్త్వశాస్త్రము నెట్లు పట్టిరో ఆ కథ కొందరికే తెలియును. ఏ శాస్త్రము చదువవలెనని తోచక యున్న సమయమున, అదే కళాశాలలో పట్టము పొందిన బంధువు ఒకరు తమ తత్త్వశాస్త్ర గ్రంథములను వారికిచ్చిరి. డబ్బు పెట్టి క్రొత్త పుస్తకములు కొనగల స్థితి కాదు గనుక, చేతికందిన పుస్తకములే వారి మార్గమును నిర్ణయించినవి. ఆ బంధువు వైద్యమో గణితమో చదివియుండినచో మన దేశమునకు వేరొక రాష్ట్రపతి లభించియుండునేమో!

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువు ముగించి 1909లో ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగమున చేరిన రాధాకృష్ణన్‌గారు, 1911లో భగవద్గీతలోని నీతికిని, కాంటు అను జర్మను తత్త్వవేత్త చెప్పిన నీతికిని గల సామ్యభేదములను గూర్చి ఒక వ్యాసము వ్రాసి అమెరికాకు పంపిరి. అది అక్కడి నీతిశాస్త్ర అంతర్జాతీయ పత్రికలో అచ్చయ్యెను. ఆ పత్రిక నేటికిని ఎథిక్స్ అను పేరుతో షికాగో విశ్వవిద్యాలయమువారి ప్రచురణగా వెలువడుచున్నది. అప్పటికి వ్యాసకర్త వయస్సు ఇరువదిమూడేండ్లు లోపే. తిరుత్తణి ఉన్న కార్వేటినగర సంస్థాన ప్రాంతము ఉత్తరార్కాటునుండి క్రొత్తగా ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరినదియు ఆ 1911వ సంవత్సరమే. 1917లో వారి మరియొక వ్యాసము ఇంగ్లండులోని మైండ్ పత్రికలో, ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్‌సాన్‌ను గూర్చి, అచ్చయినది.

ఈ వ్యాసములను తిరుత్తణిలో అప్పుడు ఎవరు చదివియుందురు? వారి బాల్యమిత్రులకుగాని బంధువులకుగాని ఆ సంచిక చూచు వీలు లేదు. మద్రాసునకు పోయి పెద్ద గ్రంథాలయమున అడిగినచో దొరకునేమో. మద్రాసు విశ్వవిద్యాలయమునకు 1924లో ఎస్. ఆర్. రంగనాథన్‌గారు మొదటి గ్రంథాలయాధికారిగా వచ్చి, గ్రంథములు బీరువాలలో దాచుటకు గాక చదువరుల కొరకని వాదించి, 1931లో తమ పంచసూత్రములను ప్రకటించిరి. అంతటి మహనీయుడు కూడ విశ్వవిద్యాలయపు వాకిలిని సామాన్యునకు కొంతవరకే తెరవగలిగెను.

శతాబ్దము గడచిన పిమ్మట జరిగినది చూడుడు. అమెరికాలో 1995లో జేస్టోర్ అను సంస్థ ఏర్పడి, పాత పరిశోధన పత్రికలను మొదటి సంచికనుండి కంప్యూటరులోనికి ఎక్కింపసాగెను. చందా కట్టిన గ్రంథాలయములకే అవి చదువ వీలుండెను. 2011లో ఆ సంస్థవారు అమెరికాలో 1923కు ముందును, ఇతర దేశములలో 1870కి ముందును అచ్చయిన వ్యాసములను లోకమందరికిని ఉచితముగ తెరచిరి. కావున 1911 నాటి ఆ గీతావ్యాసము ఈ నియమమున ఉచితమైనది. ఇంగ్లండులో 1917లో అచ్చయిన బెర్గ్‌సాన్ వ్యాసమునకు ఈ నియమము వర్తింపదు. ఒకే వ్రాతగాడు, ఆరేండ్ల వ్యవధి. సముద్రమునకు ఆవల నొకటి, ఈవల నొకటి అచ్చయినందున ఇంత భేదము కలిగినది. దస్తావేజుల నడుమ జీవితము గడపిన మాబోటి గుమాస్తాలకు ఇది వింతగా తోచదు. తేదీయు స్థలమును మారినచో హక్కు మారును.

మా వీథిలో డిగ్రీ చదువుచున్న అమ్మాయి ఒకతె ఆ 1911 వ్యాసమును తన సెల్‌ఫోనులో తెరచి మాకు చూపినది. ఆ పుటలు పూర్తిగ బోధపడినవని చెప్పజాలము. మా మెట్రిక్యులేషను ఇంగ్లీషు అంతవరకు పోదు. అయినను మొదటి పుటయందు మన ఊరివారి పేరును అచ్చులో చూచుటయే గొప్పగా నుండెను.

రాధాకృష్ణన్‌గారి సంబంధము ఇంతటితో తీరలేదు. స్వాతంత్ర్యానంతరము 1948లో భారత ప్రభుత్వము నియమించిన విశ్వవిద్యాలయ విద్యా సంఘమునకు వారే అధ్యక్షులు. 1949లో సమర్పింపబడిన ఆ నివేదిక, విశ్వవిద్యాలయములకు ధనము పంచు సంఘమును బలపరచి పునర్వ్యవస్థీకరింపవలెనని కోరెను. దాని ఫలితమే 1953లో ప్రారంభమై 1956లో చట్టబద్ధమైన యూజీసీ. ఆ యూజీసీ 1991లో గ్రంథాలయముల నన్నిటిని కలుపుటకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ అను కార్యక్రమమును మొదలిడెను. అది 1996లో స్వతంత్ర కేంద్రమై నేడు గుజరాతులోని గాంధీనగరమున నున్నది. పత్రికల వెలలు ఏటేట పెరిగి ఒక్కొక్క విశ్వవిద్యాలయము విడివిడిగ కట్టలేని స్థితి రాగా, అందరి పక్షమున ఒకరే బేరమాడు పద్ధతి 2004నుండి ఆ కేంద్రము ద్వారా నడచినది. తుదకు 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గము దేశమంతటికి ఒకే చందా అను పథకము నంగీకరించెను. 2025, 2026, 2027 అను మూడు సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, సుమారు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా పరిశోధన సంస్థలు, దాదాపు 1 కోటి 80 లక్షల విద్యార్థులును అధ్యాపకులును. 2025 జనవరి 1నుండి ఇది అమలులోనికి వచ్చినది.

ఇందొక విడ్డూరము గలదు. ఈ పత్రికలకు వ్రాయు పండితులకు సామాన్యముగ ప్రతిఫలము లేదు. వ్యాసము అచ్చునకు తగునా లేదా అని పరీక్షించు పండితులకును లేదు. వారి జీతములు పెక్కు దేశములలో ప్రజాధనమునుండి వచ్చునవే. అట్లు వ్రాయబడిన దానిని మరల ప్రజాధనముతో కొనవలసి వచ్చినది. చందా లేని మనిషి ఒక్క వ్యాసము చదువబోయినచో 30, 40 డాలర్లు కట్టుమని అడుగుట కద్దు. పింఛనుదారునకు అది సాధ్యమా?

ఈ చందా పనిచేయు తీరు తెలిసికొనదగినది. కళాశాలలోని కంప్యూటరు అంతర్జాలమునకు తగులుకొనినప్పుడు దానికొక సంఖ్య యుండును. ఆ సంఖ్యలు ఏ సంస్థవో ప్రచురణకర్తలకు ముందే తెలుపబడియుండును. ఇంటికి చేరిన జాబుమీద తపాలా ముద్ర చూచి ఏ ఊరినుండి వచ్చినదో గ్రహించునట్లు, వారి యంత్రము ఆ సంఖ్య చూచి తలుపు తీయును. విద్యార్థి ఇంటినుండి చదువదలచినచో, కళాశాలవారిచ్చిన పేరును సంకేతపదమును ఉపయోగించి ఇన్‌ఫెడ్ అను ద్వారమున ప్రవేశింపవలెను. ఆ సంకేతపదమును ఇతరులకిచ్చుట నియమవిరుద్ధము. అడిగి పిల్లలను చిక్కులలో పెట్టరాదు. కాని మనుమడు తాను చదివినదానిని తాతకు తెలుగులో చెప్పుటకు ఏ ఒడంబడికయు అడ్డురాదు.

మన పిల్లలు చదివి చెప్పదగినది యేమనగా, మొట్టమొదట మన నేల చరిత్రయే. తిరుత్తణి తాలూకాలోని తిరువాలంగాడునందు 1905లో రాజేంద్రచోళుని తామ్రశాసనము, 31 రేకులు, బయటపడెను. పళైయనూరు గ్రామమును అక్కడి దేవాలయమునకిచ్చిన దానశాసనమది. కృష్ణశాస్త్రిగారు దానిని పరిష్కరించి 1920లో దక్షిణ భారత శాసన సంపుటములలో అచ్చువేయించిరి. ఆ రాజేంద్రుని సోదరి కుందవ్వయే వేంగీశ్వరుడైన విమలాదిత్యుని రాణి, రాజరాజనరేంద్రుని తల్లి. తిరువాలంగాటి రేకులు తమిళుల చరిత్ర అని మనవారు ప్రక్కకు నెట్టుటగాని, నన్నయ తెలుగువారి సొత్తు అని ఇతరులు విడిచిపెట్టుటగాని ఎంత పొరపాటో దీనివలన తెలియుచున్నది. 1977లో తిరుత్తణి చెంతనున్న వేళంజేరిలో పల్లవ అపరాజితుని రేకులును, చోళ పరాంతకుని రేకులును దొరకినవి.

పటాస్కరుగారి తీర్పును అనుసరించి చేసిన 1959 నాటి చట్టమువలన 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరినది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినది. ఈ మార్పులను గూర్చి మన ఇండ్లలో వినబడునవి రెండే: ఒక ప్రక్క నిట్టూర్పు, ఒక ప్రక్క నినాదము. భాషారాష్ట్రముల విభజనను గూర్చి నింపాదిగా లెక్కలు చూచి వ్రాసిన వ్యాసములు కేంబ్రిడ్జి, సేజ్ మొదలైన ప్రచురణకర్తల పత్రికలలో నున్నవి. ఆ రెండు సంస్థలును పై పథకమున చేరినవే. తమిళము నిర్బంధము చేసిన 2006 చట్టము తరువాత తెలుగు చదువక పెరిగిన మన పిల్లలకు ఇంగ్లీషు ద్వారా నైనను తమ పూర్వుల సంగతి చేరు మార్గమిది. తెలుగులో చేరినచో మరింత సంతోషమే. కాని ఉన్న మార్గమును విడువ నేల?

విద్యార్థులు కానివారికిని కొన్ని ద్వారములు తెరచియున్నవి. జేస్టోరులో పేరు నమోదు చేసికొనినచో నెలకు 100 వ్యాసములవరకు రుసుము లేక తెరమీద చదువవచ్చును. మన విశ్వవిద్యాలయములలో సమర్పింపబడిన పరిశోధన గ్రంథములు, ఇన్‌ఫ్లిబ్‌నెట్‌వారే నడుపు శోధ్‌గంగలో, ఎల్లరకు ఉచితముగ నున్నవి.

దేశపు చందా మొదటి దశలో ప్రభుత్వ సంస్థలకే వర్తించును. తిరుత్తణిలో సుబ్రహ్మణ్యస్వామివారి పేర నున్న ప్రభుత్వ కళాశాలవంటివి ఈ కోవలోనివి. తిరువళ్ళూరు చుట్టుపట్ల గల ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలలో చేరిన మన పిల్లలు దీని పరిధిలోనికి రారు. వారి కళాశాల వేరుగ చందా కట్టియున్నచో అదియే వారికి దిక్కు. ప్రభుత్వ కళాశాలలో చదువుచున్న పిల్లలున్న కుటుంబములవారు, తమ కళాశాల ఈ పథకమున నమోదైనదో లేదో, ఇంటినుండి చదువుటకు సంకేతపదము ఇత్తురో లేదో గ్రంథాలయాధికారిని అడిగి తెలిసికొనవలెను. అడుగబోవునప్పుడు ఊరక పోక, కావలసిన వ్యాసము పేరు, పత్రిక పేరు, సంవత్సరము కాగితముపై వ్రాసికొని పోవుట మంచిది. మంజూరైన ధనము 2027 చివరివరకే గనుక ఆ పని ఈ విద్యాసంవత్సరములోనే చేయుట మేలు.