దిచా, ఫెలిసిదాద్: ఆనందానికి రెండు పుట్టుకలు

కొంతకాలంగా, తీరిక చిక్కినప్పుడల్లా, స్పానిష్ భాషను అభ్యసిస్తున్నాను. మొన్న నిఘంటువులో 'దిచా' అనే పదం దగ్గర చదువు ఆగిపోయింది. దానికి అర్థం ఆనందం, భాగ్యం. 'చెప్పబడినది' అనడానికి వాడే స్త్రీలింగ రూపం కూడా అచ్చంగా ఇదే. చెప్పడానికీ సుఖపడడానికీ పొత్తు ఎలా కుదిరింది?

లాటిన్‌లో 'దిక్తా' అంటే పలికిన మాటలు. శిశువు పుట్టిన వేళ దేవతలు ఏది పలికితే అదే వాని జీవితమని ప్రాచీన రోమనుల నమ్మకం. ఆ నమ్మకమే ఈ పదానికి మూలమని పండితులు చెబుతారు. విధి అనే అర్థంగల లాటిన్ పదం 'ఫాతుం' కూడా పలుకుట అనే ధాతువునుండి వచ్చినదే. మన బ్రహ్మ నుదుట వ్రాశాడు, వారి దేవతలు నోట పలికారు. వ్రాత అయినా పలుకు అయినా అది మనిషి చేతిలో లేదు. కనుక దిచా మొదట అదృష్టం, ఆ పిదపనే ఆనందం. దీనినుండి పుట్టిన 'దిచోసో'కు భాగ్యశాలి అని అర్థం. కానీ మనం విసుగెత్తి "ఈ దిక్కుమాలిన ఫోను" అనే చోట స్పానిష్ వారు "ఈ దిచోసో ఫోను" అంటారు! విధిమీద అలిగినవారి మాట కాబోలు అది.

ఆనందానికి వారు వాడే మరొక మాట 'ఫెలిసిదాద్'. దీని పుట్టుక వేరు. లాటిన్‌లో 'ఫేలిక్స్' అంటే తొలుత ఫలవంతమైనది అని అర్థం; కాపు కాసే చెట్టును 'ఆర్బోర్ ఫేలిక్స్' అన్నారు. పాలు కుడుచుట అనే ప్రాచీన ధాతువు దీనికి మూలం. మన 'ధేనువు' కూడా ఆ కుదురులోనిదేనని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. దిచా ఆకాశం నుండి దిగితే, ఫెలిసిదాద్ నేలనుండి మొలిచింది. నేడు పుట్టినరోజున దీనినే బహువచనం చేసి 'ఫెలిసిదాదెస్' అని అభినందిస్తారు.

ఈ రెండవ మాట ఒకనాడు రాజ్యాంగంలోకి ఎక్కింది. 1810 ఫిబ్రవరి నుండి 1812 ఆగస్టు వరకు నెపోలియన్ సేనలు కాదిజ్ రేవుపట్టణాన్ని ముట్టడించి ఉన్నాయి. స్పెయిన్ రాజు ఏడవ ఫెర్నాందో ఫ్రాన్సులో బందీ. ఆ ముట్టడి నడుమనే, 1812 మార్చి 19న, ప్రతినిధులు రాజ్యాంగాన్ని ప్రకటించారు. జాతి యొక్క ఫెలిసిదాదే ప్రభుత్వ లక్ష్యమనీ, అందలి వ్యక్తుల క్షేమమే రాజకీయ సమాజానికి పరమార్థమనీ 13వ అధికరణం నిర్దేశించింది. ఆ 'జాతి'లో బానిసలకు చోటు లేదు. ఆఫ్రికా మూలాలు గల స్వతంత్రులకు సైతం పౌరసత్వం సులభంగా దక్కలేదు. ఆ లోపాన్ని మరువరాదు. అయినా ఆనందం దైవం పలికే మాట కాదు, పాలకుడు తీర్చవలసిన బాధ్యత అని శాసనంగా వ్రాసుకోవడం చిన్న సాహసం కాదు.

విడుదలై తిరిగివచ్చిన రాజు 1814 మే 4న ఆ రాజ్యాంగాన్ని ఒక్క ఆజ్ఞతో రద్దు చేశాడు. 1820లో అది మళ్ళీ ప్రాణం పోసుకొని, 1823లో ఫ్రెంచి సేనల రాకతో తిరిగి అణగిపోయింది.

ఇది చదివాక ఆ రెండు పదాలూ నాకు పర్యాయపదాలుగా తోచడం మానేశాయి. ఒకరు పలికితే వచ్చేది మరొకరు పలికితే పోతుంది. నాటి పెంచుకున్న చెట్టునూ నరకవచ్చు, నిజమే. కానీ వేరు మిగిలితే అది మళ్ళీ చిగురిస్తుంది. కాదిజ్‌లో నాటినది కనీసం ఒకసారి చిగురించింది.