ఆసు యంత్రం

ఆసు యంత్రం పోచంపల్లి చీరల నేతకు ముందు జరిగే ఆసు పోయడం అనే పనిని చేసే పరికరం. దీనిని ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చేనేత కుటుంబీకుడు చింతకింది మల్లేశం 1999లో రూపొందించి, తన తల్లి పేరు మీద లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టాడు.

చేతితో ఆసు పోయాలంటే అర్ధవృత్తాకారంలో అమర్చిన మేకుల చుట్టూ దారాన్ని ఒక్కొక్క చీరకు సుమారు 9,000 సార్లు తిప్పాలి. ఈ పని ఎక్కువగా స్త్రీలదే. మల్లేశం తల్లి దీనివల్ల భుజం నొప్పితో బాధపడేది. 1992లో మొదలైన అతని ప్రయత్నం చివరి దశలో, యంత్రానికి కావలసిన ఒక కదలిక కుదరక ఆగిపోయింది. హైదరాబాదు బాలానగర్‌లోని ఒక కర్మాగారంలో విద్యుత్తు పని చేస్తుండగా, వేరొక అవసరానికి వాడే యంత్రం కదిలే తీరులో అతనికి పరిష్కారం కనిపించింది. నాలుగైదు గంటల పని దీనితో సుమారు గంటన్నరలో పూర్తవుతుంది. మల్లేశం 2017లో పద్మశ్రీ పురస్కారం పొందాడు.